నాన్న అరికాలి పట్టీ

మొన్న మా చిన్నాడపడుచు ఇంటికి వెళ్లి, ఊరికే కూర్చోవడం చేతకాక వంకాయలు తరగబోయి చూపుడువేలు కోసుకున్నాను. నా అలవాటు ప్రకారం అయితే కత్తి ఎముక దాకా దిగిందనీ, వంటింట్లో నెత్తురు కాలవ కట్టిందనీ చెప్పాలి. నిజానికి బియ్యపు గింజంత గాటు. ఆడపడుచు కూతురు, ఐదేళ్లది, పరిగెత్తుకెళ్లి ఒక ప్లాస్టరు పట్టీ తెచ్చింది. దాని మీద గులాబి రంగు కుందేళ్లు. వేలికి చుట్టి, మూడుసార్లు ఊది, "అయిపోయింది అత్తా, ఇంక నీకేం లేదు" అని తేల్చేసింది. ఆ మాటే నాకు పడదు. పిల్ల అటు తిరగ్గానే స్నానాల గదిలోకి వెళ్లి, గడియ పెట్టుకుని, పట్టీ పీకి గాయం చూసుకున్నాను. మళ్లీ అంటించాను. పావుగంటకి మళ్లీ పీకాను. మూడోసారి పిల్ల చూసి ఏడ్చింది, తన కుందేళ్లు నాకు నచ్చలేదని. నచ్చకేం తల్లీ, కుందేళ్ల కింద ఏముందో కనబడకపోతేనే నాకు భయం అని ఐదేళ్లదానికి ఎలా చెప్పను?

చెప్పినా ఎవరూ నమ్మరనుకోండి. మా ఊళ్లో నా మాటని నాలుగుతో భాగించి మిగిలింది తీసుకునేవాళ్లు. పిల్లలు పుట్టక అమ్మ అన్నవరం కొండకి మొక్కుకుంటే పుట్టానట, ఆ స్వామి పేరు మీదే సత్యవతి అని పెట్టారు. స్వామికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదేమో, నా నోట సత్యం ఒక్కటీ దారిన పడి నడిచేది కాదు. కాలవలో పిత్తపరిగె కనిపిస్తే ఇంటికొచ్చేసరికి మొసలి అయ్యేది. ఇప్పుడు చెప్పబోయేదాన్ని మాత్రం భాగించకండి. నేను ఇందులో ఒక్క చేపనీ పెంచలేదు.

నాన్న పేరు వీర్రాజు. గౌతమి ఏటిగట్టు మీద లస్కరు, అంటే గట్టుకి కాపలా మనిషి. మూడు మైళ్ల గట్టు ఆయన వంతు. వేసవిలో గట్టు మీద మొలిచిన తుమ్మమొక్కలు పీకడం, వానకి జారిన చోట మట్టి వెయ్యడం, పందికొక్కులు, ఎండ్రకాయలు తవ్విన బొరియలు వెతికి వాటిలో బంకమట్టి కూరి కాలితో తొక్కడం ఆయన పని. వరద రోజులొస్తే ఆ మూడు మైళ్లూ అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి. మా ఇల్లు గట్టు దిగువన ఉండేది. వరదలో గోదావరి మా ఇంటి చూరు కంటే ఎత్తున పారేది. మాకూ దానికీ మధ్య మట్టి తప్ప ఇంకేమీ లేదు. అన్నం తింటూ తలెత్తితే గట్టు మీద నాన్న కాళ్లు కనిపించేవి, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. ఆ కాళ్లు తిరుగుతున్నాయంటే మేం నిద్రపోవచ్చు. చిన్నప్పుడు నాకు దేవుడంటే అవే గుర్తొచ్చేవి, మోకాళ్ల దాకా బురదతో.

అమ్మ తెల్లవారకముందే కడియం నర్సరీలకి పనికి వెళ్లిపోయేది. అంటు కట్టడంలో అమ్మ చెయ్యి పేరున్న చెయ్యి. మామిడి, సపోటా, గులాబి, ఏదైనా సరే, కత్తితో ఏటవాలుగా చీల్చి, ప్లాస్టిక్ రిబ్బను గట్టిగా చుట్టి వదిలితే మొక్క చచ్చేది కాదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఒళ్లంతా పేడ, పచ్చి ఆకు, తడిమట్టి కలిసిన వాసన. ఇంట్లో పగలంతా నేనూ, నాయనమ్మా. నాయనమ్మకి రెండు కళ్లలోనూ శుక్లాలు. చూపు పోయిన లోటంతా ముక్కు తీర్చుకుంది. వాకిట్లోకి ఎవరొచ్చారో వాసనతో చెప్పేది. కుండలో చింతకాయ పచ్చడి ఎంత మిగిలిందో మూత తియ్యకుండా చెప్పేది. ముక్కుపొడుం పట్టు పీల్చి, తుమ్మి, కళ్లు తుడుచుకుని, పక్కింటివాళ్ల పొయ్యి మీద ఏ కూరుందో ప్రకటించేది. నా అబద్ధాలకి ఇంట్లో ఒకే ఒక శత్రువు ఆ ముక్కు.

ఆ ఏడు నేను ఎనిమిదో తరగతి. వరదలు ఇంకా రాలేదు. ఒక పొద్దున నాన్న బొరియ పూడుస్తూ విరిగిన నత్తగుల్ల తొక్కాడు. కుడి కాలి బొటనవేలి కింద కోసుకుంది. ఇంటికి నడుచుకుంటూ వచ్చేదాకా ఆయనకే తెలియలేదు. వెనక అడుగు అడుగుకీ నెత్తుటి ముద్ర ఉందని నేను చూసి కేక పెట్టాను.

"గట్టిగా అరవకు. నొప్పేం లేదే" అన్నాడు నాన్న, తన కాలు కానట్టు దాన్ని అటూ ఇటూ తిప్పుతూ. "నీ సంచిలో బడివాళ్లిచ్చిన పట్టీ ఉండాలి కదా, అదెట్టు."

పెట్టాను. మాంసం రంగు పట్టీ, మధ్యలో చిన్న చిల్లులు. అతికించగానే గాయం మాయమైపోయింది. మా ఇద్దరికీ ఎంత హాయి అనిపించిందో.

"అమ్మకి సెప్పకు" అన్నాడు.

"ఎందుకు?"

"అమ్మకి సెప్తే నర్సరీకి సెప్పినట్టే. నర్సరీకి సెప్తే ఆఫీసుకి సెప్పినట్టే."

ఆఫీసు అంటే అసలు భయం అక్కడుంది. నాన్న పన్నెండేళ్లుగా మస్టరు కూలీగానే, రోజు లెక్కన, గట్టు కాశాడు. ఆ ఏడు పర్మినెంటు చేసేవాళ్ల లిస్టు తయారవుతోందని వినికిడి. కళ్లూ కాళ్లూ సరిగ్గా ఉన్నవాళ్లనే రాస్తారట, వరదల్లో ఎవరు ఎలా తిరుగుతున్నారో ఏ.ఈ. గారు స్వయంగా చూస్తారట. ఆ మాట ఎవరన్నారో తెలియదు, కానీ గట్టు మీద అందరూ నమ్మారు. ఏ.ఈ. అంటే గట్లు చూసే ఇంజినీరు, జీపులో వచ్చే మనిషి. కుంటే లస్కరుని ఎవరు పర్మినెంటు చేస్తారు?

అలా ఆ పట్టీ మా ఇద్దరి రహస్యం అయింది. రోజూ పొద్దున అమ్మ వెళ్లిపోయాక, నాయనమ్మ పొడుం కోసం తడుముకునే వేళలో, నాన్న అరుగు మీద కూర్చుని కాలు నా ఒళ్లో పెట్టేవాడు. తడిసిన పాత పట్టీ పీకి కొత్తది అంటించడం నా పని. పట్టీల కోసం బడిలో డ్రిల్లు మాస్టారి దగ్గరున్న మందుల పెట్టె మీద పడ్డాను.

"ఏమ్మా సత్యవతీ, ఇవాళేంటి?" అనేవారాయన.

"బల్ల మేకు గీరుకుందండి."

"నిన్న?"

"నిన్న కుక్కండి."

"మొన్న?"

"కోడిపుంజండి మాస్టారూ. పందెం పుంజు. కాలికి కత్తుందండి."

"మరి ఒంటి మీద ఒక్క గాటూ కనపడదేంటే?"

"నాకు తొందరగా మానిపోతాయండి."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, కథకి బహుమతి అన్నట్టు రెండు పట్టీలు ఇచ్చేవారు. ఆ రెండూ జేబులో పెట్టుకుని ఇంటికి వస్తుంటే ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. నేను మా నాన్నని కాపాడుతున్నాను. నా అబద్ధాలకి మొదటిసారి ఒక పని దొరికింది.

నాలుగో రోజు నుంచి గాయం తిరగబెట్టడం మొదలైంది. అంచులు నీళ్లలో నానిన వేళ్లలా తెల్లబడ్డాయి. మధ్యలో గుంట. ఇంకో మూడు రోజులకి ఆ గుంటలో పసుపు, తర్వాత బూడిద రంగు. పట్టీకి అతుక్కునే చోటు దొరక్క జారిపోతుంటే అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి వేసేదాన్ని. నాన్న తన అరికాలు తను చూసుకోలేదు. మోకాలు అంతగా వంగదని అనేవాడు. వంగనిది మోకాలు కాదని నాకు తెలుసు. పట్టీ పీకే క్షణం రాగానే మొహం గట్టు వైపు తిప్పుకుని, "ఎలా ఉందే?" అనేవాడు.

"ఎండుతోంది నాన్నా" అనేదాన్ని.

ఆ మాట ఎలా వచ్చిందో మొదటిసారి నాకే తెలియదు. ఆయన భుజాలు దిగడం చూశాను. వెనక నుంచి ఆయన మెడలో నరం సడలడం చూశాను. మర్నాడు ఇంకోలా చెబుదామనుకున్నాను. మర్నాడు కూడా ఆ భుజాలు అలాగే బిగుసుకుని ఎదురుచూస్తున్నాయి. "ఇంకా ఎండింది నాన్నా, అంచులు కలుస్తున్నాయి" అన్నాను. మంచి కథకి ఉండాల్సిన వివరాలన్నీ పెట్టాను. నొప్పి అని ఆయన ఒక్కసారైనా అంటే నేను ఏడ్చి నిజం చెప్పేద్దును. ఆయన అనలేదు. నొప్పి లేదు. నాకు అన్నిటికంటే భయం వేసింది దానికే. అంత గుంటలో నా వేలు తగిలినా ఆయన ఉలిక్కిపడేవాడు కాదు. అరుగు మీద అలాగే కూర్చుని గడ్డిపరక నములుతూ ఉండేవాడు.

పెరట్లో ఆయన ఒంటికి వెళ్లిన చోట చీమలు బారులు కట్టడం అప్పుడే చూశాను. మళ్లీ మళ్లీ లేచి చెంబులకి చెంబులు నీళ్లు తాగడం కూడా. అది చక్కెర జబ్బని చెప్పడానికి మా ఇంట్లో ఎవరికీ ఆ జబ్బు పేరే సరిగ్గా తెలియదు. ఎండ దెబ్బ అనుకున్నాం, మబ్బు పట్టిన శ్రావణంలో.

తర్వాత నాయనమ్మ ముక్కు లేచింది.

"ఒసే సత్తీ, ఇంట్లో ఏదో సచ్చింది."

"ఏం లేదు నాయనమ్మా."

"నా కళ్లు పోయాయి గానీ ముక్కు పోలేదే. పందికొక్కు. నీ బాబు మంచం కింద సూడు."

నాన్న మంచం మీదే ఉన్నాడు, కళ్లు మూసుకుని. నేను మంచం కింద దూరాను. అక్కడ ఏమీ లేదు, ఒక పాత కొడవలి, రెండు గోనెసంచులు. నా తలకి జానెడు ఎత్తున, నులక మంచం సందుల్లోంచి ఆయన కాలు. వాసన అక్కడి నుంచే దిగుతోంది. చీకట్లో మోకాళ్ల మీద ఉండి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, ఏం చెప్పాలో ఆలోచించాను. నిజానికి నేను చెయ్యాల్సింది ఒక్కటే, బయటికొచ్చి నోరు తెరవడం. బయటికొచ్చి నోరు తెరిచాను.

"దొరికింది నాయనమ్మా! ఎంతుందో తెలుసా, మేకపిల్లంత! మీసాలే జానెడున్నాయి. తోక పట్టి లాగుతుంటే నన్నే లాక్కుపోయింది."

"సచ్చింది నిన్ను లాక్కుపోయిందా?"

"నేల వాలుగా ఉంది కదా."

నాయనమ్మ నవ్వింది. మంచం మీంచి నాన్న కూడా నవ్వాడు. నాయనమ్మ ఇల్లంతా సాంబ్రాణి పొగ వేయించింది. రెండు రోజులయ్యాక నాయనమ్మ మళ్లీ మొహం గాల్లోకి ఎత్తి, "దాని పెళ్లం కూడా సచ్చిందే" అంది. ఈసారి నాన్న నవ్వలేదు. కళ్లు తెరిచి నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను. వాసన ఎక్కడిదో ఆయనకీ తెలుసని ఆ చూపుతో నాకు తెలిసిపోయింది.

ఆ సాయంత్రం అమ్మకి చెప్పాను. అమ్మ తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటోంది.

"అమ్మా, నాన్న కాలు కుళ్లిపోతోంది."

"ఆహా. ఇవాళ నర్సరీలో నన్ను గులాబి మొక్క కరిచింది."

"నిజం అమ్మా!"

"లాకుల దగ్గర తాబేలు మీ నాన్న చెప్పు ఎత్తుకుపోయిందనీ, అందుకే ఒంకరగా నడుస్తున్నాడనీ మొన్న చెప్పింది కూడా నిజమేనా?" చీర చెంగుతో చేతులు తుడుచుకుని, అయినా ఒకసారి పిలిచింది. "ఏమయ్యా, పిల్ల నీ కాలు గురించి ఏదో అంటోంది."

నాన్న లేచి, చెప్పులేసుకుని, వాకిట్లో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి చూపించాడు. తిన్నగా నడిచాడు. కుంటలేదు. నొప్పి తెలియని కాలు కుంటదు కదా. అమ్మ నా నెత్తిన మొట్టికాయ వేసి లోపలికి వెళ్లిపోయింది. నేను తొట్టి గట్టు మీద కూర్చుండిపోయాను. ఇంకెవరికి చెప్పాలి? నన్ను ఎరిగినవాళ్లు ఎవరూ నమ్మరు. ఎరగనివాళ్లు మా ఊళ్లో ఎవరూ లేరు.

గోదావరి అప్పుడే లేచింది. ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక ఎగరేశారు. ఎర్రనీళ్లు, వాటి మీద దుంగలు, గడ్డివాము ఒకటి అలాగే కొట్టుకుపోతూ. బడి మూసేశారు. మధ్యాహ్నం నాన్నకి క్యారేజీ పట్టుకుని గట్టు ఎక్కాను. మా వీధిలో ఉండే సూరిబాబు, ఇంకో నలుగురూ ఇసుక బస్తాలు మోస్తున్నారు. నాన్న తినడం మొదలెట్టాడో లేదో, సూరిబాబు కిందనుంచి కేకేశాడు.

"వీర్రాజా! గట్టు అడుగున ఊట పుట్టింది! బస్తాలు పడెయ్యమంటావా దాని మీద?"

"ఎయ్యకు!" నాన్న అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. చేతిలో ముద్ద వదిలేసి కిందికి దిగాడు. వరిచేను పక్కన, గట్టు మొదట్లో, కొబ్బరికాయంత వెడల్పున నీళ్లు బుడబుడమని పైకి లేస్తున్నాయి.

"ముయ్యకపోతే ఎలాగ?" అన్నాడు సూరిబాబు.

"పైన మూత్తే లోపల తింటదిరా. నీకు ఆగినట్టే కనపడతది. పైకి పొడిగా ఉంటది. లోపల మట్టంతా దారి చేసుకుంటది. రేపు పొద్దున్నకి గట్టుండదు, నువ్వుండవు. సుట్టూ బస్తాలు పేర్చు, నుయ్యిలాగ. నీరు రానీ. పైకి రావాల. మనం సూత్తా ఉండాల."

వంగి ఊటకి దోసిలి పట్టాడు. నీళ్లు చేతుల్లో నింపి, వెలుతురుకి ఎత్తి చూశాడు. అందరూ ఆయన చేతుల వైపే చూస్తున్నారు. "తేటగా ఉంది. ఇసుక రాటం లేదు. తేట ఊటకి భయం లేదు. బురదొత్తే మాత్రం ఊరంతా లేపాలి" అన్నాడు.

గట్టు మీద తాటాకు పాకలో మళ్లీ అన్నానికి కూర్చున్నాడు. తినేసి, చెయ్యి కడుక్కుని, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, చెప్పు విడిచి కాలు నా ఒళ్లో పెట్టాడు.

"మార్చెయ్. ఏ.ఈ. గారొత్తారంట ఇయ్యాల."

పాత పట్టీ దానంతటదే ఊడి వచ్చింది. పాదం పైన చీలమండ దాకా ఎర్రగా వాచి మెరుస్తోంది. కింద ఉన్నదాని గురించి ఇంతకంటే రాయను.

"ఏంటే, అంటించవు?"

"అంటించను నాన్నా."

"ఏం?"

"పైన మూస్తే లోపల తింటుందన్నావు కదా ఇందాక."

"అది గట్టు."

"ఇది తేటగా లేదు నాన్నా."

ఆయన మొహం ఏటి వైపు నుంచి మెల్లగా నా వైపు తిరిగింది. "నిన్న ఎండుతోందన్నావు."

"అబద్ధం."

"మొన్న?"

"అబద్ధం."

"మరి నిజమెప్పుడు సెప్పావే?"

"మొదటి రోజు."

ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు. ఇందాక ఊటకి దోసిలి పట్టినట్టే, కాలి కింద రెండు వేళ్లు పెట్టాడు. ఆ వేళ్లని వెలుతురుకి ఎత్తి చూశాడు. గోదావరి చూరు కంటే ఎత్తున పారినప్పుడు కూడా నాన్న మొహంలో భయం నేను చూడలేదు. ఆ రోజు చూశాను. భయపడ్డ మనిషి పెద్దవాడైనా పిల్లాడిలా ఉంటాడు, పెదవి కింద ముడత పడుతుంది.

ఆ వేళ్లు గడ్డికి రాసి తుడుచుకున్నాడు. "వరద తీసాక సూద్దాం" అన్నాడు.

"ఎప్పుడు తీస్తుంది?"

"రెండ్రోజులు. ఈ రెండ్రోజులు నడిస్తే పేరు రాసేత్తారు." నా చేతిలోంచి పట్టీ లాక్కుని తనే అంటించుకోబోయాడు. గాయం ఎక్కడుందో ఆయనకి చేత్తో తెలియడం లేదు. సగం మంచి చర్మం మీద, సగం గాలిలో పడింది. అలాగే చెప్పు తొడిగేశాడు.

జీపు చప్పుడు వినిపించింది. ఏ.ఈ. గారు కుర్రాయన, కొత్తగా వచ్చాడు, వానకోటు లోపల కళ్లజోడు తుడుచుకుంటూ దిగాడు. నాన్న కర్రలా నిటారుగా నిలబడ్డాడు. "అంతా బావుందండి. ఒక్క ఊటండి, తేటదేనండి" అన్నాడు.

నేను జీపు ముందుకు వెళ్లి నిలబడ్డాను. నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండే మొసళ్లు, తాబేళ్లు, పందికొక్కులు ఒక్కటీ రాలేదు. "అయ్యగారండి, మా నాన్న కాలు కుళ్లిపోయిందండి. మూడు వారాలైందండి. నేనే పట్టీలు అంటించానండి" అన్నాను.

సూరిబాబు పకపకా నవ్వాడు. "దాని మాట పట్టించుకోకండి బాబూ. ఊళ్లో ఎవర్నడిగినా సెప్తారు."

"అవునండి, దానికలవాటేనండి" అన్నాడు నాన్న. నా వైపు చూడకుండా అన్నాడు.

ఆ కుర్ర ఏ.ఈ. నన్ను మొదటిసారి చూస్తున్నాడు. ఊళ్లో నన్ను ఎరగని ఒకే ఒక్క మనిషి. నా మొహం చూశాడు, నాన్న మొహం చూశాడు. "వీర్రాజుగారూ, చెప్పు తియ్యండి" అన్నాడు.

జీపులోనే రాజమండ్రి తీసుకెళ్లారు. ఎక్కేటప్పుడు నాన్న ఊట వైపు చెయ్యి చూపించి, సూరిబాబుతో "గంటకోసారి దోసిలెట్టి సూడు" అన్నాడు. వరద తీసేదాకా మూడు రోజులూ గట్టు నిలబడింది. ఆ ఊట చివరిదాకా తేటగానే ఉందట. అమ్మ కడియం నుంచి చేతుల మట్టి కడుక్కోకుండానే ఆసుపత్రికొచ్చింది. బొటనవేలు, దాని పక్క వేలు తీసేశారు. ఇంకో రెండు రోజులైతే మోకాలి దాకా పోయేదని డాక్టరుగారు చెబుతుంటే, అమ్మ నా భుజం పట్టుకుని, "నువ్వు చెప్పావు. నేను నవ్వాను" అంది. ఆ తర్వాత ఎన్నేళ్లయినా ఆ విషయం మళ్లీ ఎత్తలేదు.

లిస్టు వచ్చింది. అందులో నాన్న పేరు లేదు. కాలు బాగున్నా ఉండేదో లేదో ఎవరికి తెలుసు? అమ్మే తన నర్సరీలో కాపలా పని ఇప్పించింది, కూర్చునే పని. కార్తీకం దాకా నాన్న నాతో మాట్లాడలేదు. కట్టు మార్చడం మాత్రం నా వంతే, ఆసుపత్రిలో నర్సమ్మ నాకే నేర్పింది. మునుపటిలా మొహం తిప్పుకోలేదు. సంతలో కొన్న చిన్న గుండ్రటి అద్దం ఒకటి పక్కన పెట్టుకునేవాడు. "అంచులు ఎర్రగా ఉన్నాయి నాన్నా, చీము లేదు" అని నేను చెప్పేదాకా ఆగి, తర్వాత అద్దం కాలి కింద పెట్టి తనే చూసుకునేవాడు. నేను చెప్పింది నిజమే అని తేలేది. మర్నాడు మళ్లీ అద్దం. గాయం మానాక కూడా, రోజూ స్నానం కాగానే, అద్దం. నాకు పెళ్లయి, పిల్లలు పుట్టి, చుట్టపుచూపుగా వెళ్లినప్పుడు కూడా నేను చూసి చెప్పాక ఆయన అద్దంలో సరిచూసుకోకుండా ఒక్క రోజూ వదల్లేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు. ఏమని అడుగుతాను?

ఇప్పుడైతే ఫోన్‌తో అరికాలు ఫోటో తీసి చూపిస్తే సరిపోయేది, అబద్ధానికి చోటే ఉండదు. ఏటిగట్టు ఎత్తు పెంచి రాయి పరిచారు, దాని మీద కార్లు తిరుగుతున్నాయి. పట్టీలు ప్రతి కిరాణా కొట్లోనూ దండల్లా వేలాడుతున్నాయి. నా కోతలు కథలై పత్రికల్లో అచ్చవుతున్నాయి, ఎరగనివాళ్లు ఉత్తరాలు రాసి నిజమా అని అడుగుతున్నారు. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఇంట్లో ఎవరైనా నవ్వుతూ "ఏం లేదులే" అంటే నేను ఇప్పటికీ నమ్మను. మా ఆయన దగ్గితే చొక్కా గుండీలు విప్పించి చూస్తాను. గోడకి కొత్తగా సున్నం వేస్తే, అది ఏ చెమ్మని కప్పడానికి వేశారో అని గోరుతో గీరుతాను. ఆనాడు మాకు భయపడటానికి గోదావరి ఉండేది, అది కళ్లెదుట పారేది. ఇప్పుడు ప్రతిదీ శుభ్రంగా, పొడిగా ఉంటుంది. నాకు నిద్ర పట్టదు.

చివరి రోజుల్లో నాన్నకి చూపు తగ్గింది, అయినా అద్దం వదల్లేదు. ఒకసారి ద్రాక్షారామం వెళ్దామని నెల ముందు నుంచీ అనుకుని, నేను కారు మాట్లాడుకుని వెళ్లాను. తలంటు పోసుకుని, ఉతికిన పంచె కట్టుకుని, అరుగు మీద సిద్ధంగా కూర్చుని ఉన్నాడు. భీమేశ్వరుణ్ణి చూసి ఎన్నేళ్లయిందో అని మూడుసార్లు అన్నాడు. చెప్పులు తొడగబోతూ అలవాటుగా కాలు ఎత్తి చూశాను. చిటికెనవేలి కింద మిరియపు గింజంత నల్లమచ్చ. నొక్కితే మెత్తగా దిగింది. వాకిట్లో కారు, లోపల అమ్మ పులిహోర మూట కడుతున్న చప్పుడు. సాయంత్రం వచ్చాక చెప్పొచ్చు కదా అని మనసు ఒక్క క్షణం నన్ను బతిమాలింది.

"చిటికెనవేలి కింద మచ్చ ఉంది నాన్నా. నిన్న మొన్నటిది కాదు. ఇప్పుడే చూపించాలి" అన్నాను.

అద్దం కోసం ఆయన చెయ్యి కదుల్తుందని చూశాను. కదల్లేదు. ఎంతుందనీ, ఏ రంగనీ అడగలేదు. గోడ పట్టుకుని లేచి నిలబడి, నా భుజం ఎక్కడుందో తడిమి పట్టుకున్నాడు.

"ఆసుపత్రికి తిప్పమను కారు" అన్నాడు.